బానెట్ మీద బతుకమ్మ

ఆ ఏడు బతుకమ్మ పండుగకు బస్సులు లేవు, బడులు లేవు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. సకల జనుల సమ్మెలో మా నాన్న బస్సు స్టీరింగ్ వదిలేసి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సమ్మె శిబిరంలో కూర్చున్నాడు. మా కాలేజీకి తాళం పడింది. నేను ఇంట్లో కూర్చుని, డాక్టరు గారి కారు అమ్ముడుపోకూడదని రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని.

మేముండేది చైతన్యపురిలో డాక్టర్ విశ్వేశ్వరరావు గారింటి వెనక గదిలో. పదో తరగతి దాకా యాచారం దగ్గర మా ఊళ్ళోనే చదివాను. ఇంటర్ కోసం నన్ను పట్నం తీసుకొచ్చినప్పుడు, డాక్టరు గారి భార్య శేషారత్నమ్మ గారు ఆ గది ఇచ్చారు. కిరాయి అడగలేదు. అమ్మ వంటింట్లో చేయి సాయం చేస్తుంది, నాన్న ఆదివారం ఆదివారం కారు చూసుకుంటాడు. అంతే ఒప్పందం.

ఆ కారు ఇంగ్లండుది. ఎంజీ అంటారు. రెండే తలుపులు. మూతి పొడుగ్గా, వీపు వాలుగా, పరుగు మొదలుపెట్టబోతున్న జంతువులా ఉంటుంది. ముదురాకుపచ్చ రంగు, సైకిలుకున్నట్టు చక్రాలకు స్పోకులు. డాక్టరు గారు అక్కడ చదువు ముగించుకుని వచ్చేటప్పుడు ఓడలో తెచ్చుకున్నారట. మద్రాసు రేవులో దించుకుని, కొత్త పెళ్ళికూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని గుంటూరు దాకా తోలుకొచ్చారట. ఈ సంగతి శేషారత్నమ్మ గారు ఎన్నిసార్లు చెప్పినా నెల్లూరు దగ్గరికి వచ్చేసరికి సిగ్గుపడి ఆపేసేవారు. అక్కడేం జరిగిందో మాకెప్పుడూ చెప్పలేదు.

రెండేళ్ళ కింద డాక్టరు గారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, ఆవిడకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఆయన మంచం కిటికీ పక్కనే. అందులోంచి ప్రహరీ గోడ, కరివేపాకు చెట్టు కనిపిస్తాయి గాని పోర్టికో కనిపించదు. చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అందుకే ఆదివారం పొద్దున నాన్న స్నానం చేసి, బస్సు డ్యూటీకి ఎక్కినంత శ్రద్ధగా కార్లో కూర్చునేవాడు. తాళం తిప్పగానే వెనక ఎక్కడో పంపు టిక్ టిక్ మంటుంది. అది ఆగాక చోక్ లాగి స్టార్ట్ చేస్తాడు. కారు ఒకసారి గొంతు సవరించుకుని, తర్వాత సన్నగా, బరువుగా మోగుతుంది. లోపల డాక్టరు గారు ఎడమచేతి వేలు ఎత్తుతారు. ఆవిడ కిటికీలోంచి కేకేస్తారు: "చాలయ్యా సాయిలూ, బాగుందంటున్నారు."

ఆ కారు ఉన్నంతవరకు ఆయన ఇల్లు కదలరని విజయవాడలో ఉన్న కొడుకు ప్రసన్నకుమార్‌కు తెలుసు. అందుకే ముందు కారు అమ్మకానికి పెట్టాడు.

"మావాడు ఊరుకోవట్లేదే అండాలూ," అన్నారు ఆవిడ, అమ్మతో గోంగూర ఒలుస్తూ. "తెలంగాణ వస్తే మిమ్మల్ని అక్కడ ఉండనిస్తారా అంటాడు. కారు పంపించి, ఇల్లు కూడా బేరం పెట్టెయ్యమంటాడు."

"గట్లెట్లంటరమ్మా? మిమ్ముల్ని పొమ్మనేటోడెవడు? మేం లేమా?"

"మీరున్నారు. వాడికి మీరు కనపడరే, టీవీ కనపడుతుంది."

అమ్మ నావైపు చూసింది. కారు పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే మా గది పోతుంది, నేను ఊరికి పోతాను, నా కాలేజీ పోతుంది. ఎవరూ పైకి అనలేదు. ఆ మాట అనడానికి మేమెవరం?

సమ్మెకు ముందే బెంగళూరు నుంచి ఒకాయన కారు చూడటానికి వచ్చాడు. పొట్టిగా, తెల్ల చొక్కాలో, కన్నడ యాస తెలుగుతో. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి మెత్తటి గుడ్డలో చుట్టి, కారు ఒంటికి అక్కడక్కడ ఆనించి చూశాడు. డాక్టర్లు గుండె చూసినట్టు చూశాడు. తలుపులకు అంటుకుంది. వీపుకు అంటుకుంది. బానెట్ మీద పెడితే జారి కింద పడింది.

అమ్మ నా చెవిలో, "అయ్యో, గిది అంటుకుంటలేదేందే? డూప్లికేటా ఏంది?" అంది. నాకు లోపల సంతోషమేసింది. నాన్న విని నవ్వాడు.

"ఎహె, గది అల్యూమినియందే. మనింట్ల గిన్నె లెక్క."

ఆయన అయస్కాంతం ఏరుకుని, "అదే కదా దీని గొప్ప," అన్నాడు. "అప్పట్లో బానెట్ అల్యూమినియంతో చేసేవారు. చాలామంది సొట్టలు పడితే సాపు చేయించలేక ఇనుపది వేయించేసుకున్నారు. దీనికి పుట్టినప్పటిదే ఉంది, ఒక్క సొట్ట లేదు. నాకు ఇలాగే కావాలి. ఇలాగే ఇవ్వండి."

బేరం కుదిరింది. లారీ పంపిస్తానన్నాడు. అంతలో సమ్మె మొదలైంది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు ఆ లారీ వచ్చింది. వచ్చి, ఎల్‌బీ నగర్ అవతల విజయవాడ రోడ్డు పక్కన ఆగిపోయింది. చౌరస్తా దాటి లోపలికి వచ్చే దారి లేదు. రెండు రోజులు చూసి వెళ్ళిపోతానని డ్రైవర్ ఫోన్ చేశాడు. విజయవాడ నుంచి కొడుకు ఫోన్ మీద ఫోన్.

శేషారత్నమ్మ గారు నాన్నను పిలిచి, "నువ్వే తోలుకెళ్ళి అప్పజెప్పి రావయ్యా సాయిలూ," అన్నారు.

నాన్న చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. "అమ్మా, నేను సమ్మెల ఉన్నోన్ని. బస్సు బందువెట్టి కారు నడిపితే మావోళ్ళు నా మొకం మీద ఉమ్ముతరు."

"మరి ఇంకెవర్ని అడగనయ్యా? దీని చోక్ ఎంత లాగాలో నీకు తప్ప ఎవరికి తెలుసు?"

అమ్మ కల్పించుకుంది. "అయితే మీవోళ్ళనే అడుగరాదు? దొంగతనంగ పోతే తప్పుగాని, చెప్పి పోతే తప్పేంది?"

సాయంత్రం నాన్న శిబిరం నుంచి శైలేందర్ మామను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన నాన్న బస్సులోనే కండక్టర్. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, అద్దంలో మీసం చూసుకున్నాడు.

"ఏందే సాయిలన్న, గింత ముద్దుగున్నది! ఇన్నేండ్ల సంది గీ రాణిని ఇంట్ల దాచిపెట్టి నన్ను గా డొక్కు బస్సుల తిప్పుతున్నవా?"

"ఆపు గని, ఏం జేద్దం చెప్పు."

"చేసేదేముంది? రేపు మన ఆడోళ్ళు కొత్తపేట నుంచి చౌరస్తా దాకా బతుకమ్మల ర్యాలీ తీస్తున్నరు. పెద్ద బతుకమ్మను మోయనీకి బండి లేక పరేషాన్ అయితున్నరు. గీ కారు మీద పెట్టుకుందం. ర్యాలీల వస్తే నిన్ను ఆపేటోడు లేడు, అనేటోడు లేడు. బతుకమ్మను దించినంక చౌరస్తా మేమే దాటిస్తం."

నాన్న మొహం విప్పారింది. సమ్మెకు ద్రోహం లేదు, అమ్మగారి మాటా దక్కుతుంది. "గంతకంటె భద్రం ఏముంటది?" అన్నాడు. శేషారత్నమ్మ గారు కూడా ఊపిరి పీల్చుకున్నారు. "పూలే గదా," అన్నారు.

శైలేందర్ మామ నంబరు ప్లేటు మీద ఏపీ అన్న చోట టీజీ అని రాసిన కాగితం అంటించబోతే, "అంటించుకో బాబూ, గమ్ము మాత్రం తక్కువ రాయి, మరకలు పడితే ఆ బెంగళూరాయన నన్ను తిడతాడు," అన్నారు ఆవిడ. మామ పడీ పడీ నవ్వాడు. అన్నం మెతుకులతో అంటించాడు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న కారు స్టార్ట్ చేశాడు. ఆ రోజు ఆదివారం కాదు. ఆవిడ వెళ్ళి భర్త చెవిలో ఏదో చెప్పి వచ్చారు. మందులివ్వడానికి ఆ రోజు పిలిపించిన నర్సు తర్వాత చెప్పింది, ఆయన వేలు ఎత్తలేదట. మొహం గోడవైపు తిప్పుకున్నారట.

ముందు సీట్లో శేషారత్నమ్మ గారు కూర్చున్నారు, తాళాలు తన చేత్తోనే ఇవ్వాలని. వెనక పేరుకే సీటు. అందులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని నేను కూర్చున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడకు తోడు ఉండాలని అమ్మ నన్ను ఎక్కించింది. కొత్తపేటలో ఆడవాళ్ళు ఎదురొచ్చారు. గునుగు, తంగేడు, బంతి వరుసలు వరుసలుగా పేర్చిన బతుకమ్మ నా ఛాతీ అంత ఎత్తుంది. ఇత్తడి తాంబాళం అడుగున గీతలు పడకూడదని అమ్మ మా ఇంట్లోని కొత్త బొంత తెచ్చి, నాలుగు మడతలు పెట్టి బానెట్ మీద పరిచింది. అంచులు సవరించింది. మధ్యలో ముడత ఉంటే అరచేత్తో రాసి సాపు చేసింది. అప్పుడు పెట్టారు. రెండు పక్కలా ఇద్దరు పట్టుకుని నడిచారు.

నాన్న కారును మనిషి నడక కంటే నెమ్మదిగా నడిపాడు. దారిపొడవునా మేడల మీంచి జనం చూస్తున్నారు. ఒకావిడ అద్దంలోంచి తల పెట్టి, "ఏమే పిల్లా, పెండ్లిపిల్ల లెక్క తల వంచుకున్నవు, పిల్లగాడేడి?" అంది. అందరూ నవ్వారు. నేను ఇంకా ముడుచుకుపోయాను. ఇంకొకావిడ, "గీ కారు పొయ్యి లెక్క కాల్తున్నదే, బతుకమ్మ ఉడుకుతదేమో," అంటూ కొంగుతో పూలకు విసిరింది. శేషారత్నమ్మ గారు చేతిసంచీ గట్టిగా ఒళ్ళో పట్టుకుని, కాసేపయ్యాక వదిలేశారు. పాట వింటూ తొడ మీద వేళ్ళతో తాళం వేయడం నేను వెనకనుంచి చూశాను.

చౌరస్తా నిండా మనుషులే. అన్ని దిక్కుల నుంచి బతుకమ్మలు వచ్చాయి. శిబిరం ముందు కారు ఆపించి, పెద్ద బతుకమ్మను దించి నడిరోడ్డు మీద మిగతా వాటి మధ్య పెట్టారు. అమ్మ కారు తలుపు తెరిచింది.

"దిగుండ్రమ్మా. ఒక్క చుట్టు ఆడిపోదురు."

"నాకు రాదే అండాలూ."

పక్కనున్న ముసలావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉంటున్నరట! రాదంటె ఎట్లనమ్మా? మా నీళ్ళు తాగలేదా?"

"మీ నీళ్ళు తాగే కదమ్మా మోకాళ్ళు ఇలా అయ్యాయి," అన్నారు ఆవిడ. అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వులోనే అమ్మ చెయ్యి పట్టుకుని దించేసింది. ఆవిడ మొదట తప్పు పక్కకు వంగారు. చప్పట్లు ఒక దెబ్బ వెనకబడ్డాయి. అమ్మ ముందు నడుస్తూ వెనక్కి తిరిగి తిరిగి చూపిస్తోంది. మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో ఆవిడ నడుము సరిగ్గా వంగింది. "ఉయ్యాలో" అన్నచోట ఆవిడ గొంతు కూడా కలిసింది.

కారు వెనక సీట్లోంచి నేను అదే చూస్తున్నాను. అందుకని టీవీ వాళ్ళు ఎప్పుడు వచ్చారో, ఉద్యమ నాయకుడొకాయన ఎటునుంచి వచ్చాడో చూడలేదు. తెల్లబట్టల్లో, మెడలో గులాబీ కండువాతో, చేతిలో మైకుతో కారు ముందు నిలబడ్డాడు. బానెట్ మీద బొంత నాలుగు మడతలతో, అంచులు సవరించి, శుభ్రంగా పరిచి ఉంది. తనకోసమే పరిచారనుకున్నాడు. పరిచిన వాళ్ళకు దండం కూడా పెట్టాడు. చెప్పులు కింద విడిచి ఎక్కాడు.

నిండు బిందె గచ్చు మీద పెట్టినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. అంతే. పెద్ద చప్పుడు కాదు.

ఆయన వెనక జెండాలు పట్టుకుని ఇంకో ఇద్దరు ఎక్కారు. ముందు అద్దంలోంచి మాకు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నాన్న చెయ్యి హారన్ మీదకు వెళ్ళింది. అక్కడే ఉంది. నొక్కలేదు. నేను 'నాన్నా' అనబోయాను.

ఆయన నీళ్ళ గురించి మాట్లాడాడు, కొలువుల గురించి మాట్లాడాడు. అన్నీ నిజాలే. రోజూ అన్నం దగ్గర నాన్న మాకు చెప్పేవే. ఒక్కో మాటకు ఆయన కాలు కదిపినప్పుడల్లా బొంత కింద రేకు లోపలికీ పైకీ కదులుతోంది. చివర్లో చెయ్యెత్తి "జై తెలంగాణ" అన్నాడు. చౌరస్తా అంతా అంది. నాన్న పెదవులు కూడా అన్నాయి. చెయ్యి ఇంకా హారన్ మీదే ఉంది.

దిగి, కిటికీలోంచి నాన్న భుజం తట్టాడు. "మంచి బండి తెచ్చినవన్నా."

శైలేందర్ మామ వచ్చి బొంత ఎత్తాడు. ఎత్తి, మళ్ళీ కప్పేశాడు.

"సాయిలన్నా..."

"పోనియ్యి," అన్నాడు నాన్న.

శేషారత్నమ్మ గారు ఒగరుస్తూ వచ్చారు. చెంపలకు పసుపు, నుదుటి మీద చెమట, కొంగులో సత్తుపిండి. ఆవిడ అంత పడుచుగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. "చూశావుటే, వచ్చేసింది నాకు," అంటూ ఎక్కబోయి, బొంత పక్కకు జారిన చోట చూశారు. అక్కడ ఆకుపచ్చ రేకు కంచంలా గుంట పడి ఉంది. గుంటలో తంగేడు రేకలు నాలుగు నిలిచాయి. ఆవిడ వాటిని వేలితో తీసి, కూర్చుని, తలుపు వేసుకున్నారు.

"పద సాయిలూ."

లారీతో వచ్చిన ఆ బెంగళూరాయన మనిషి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, గుంట దగ్గర ఆపాడు. దూరం వెళ్ళి ఫోన్లో మాట్లాడాడు.

"సార్ వద్దంటున్నారమ్మా."

"కొట్టిస్తే సాపు కాదా బాబూ?" అడిగారు ఆవిడ.

"అవుతుందమ్మా. కొట్టించినట్టు తెలుస్తుంది."

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. మేం వెనక్కి వచ్చాం. దారిలో కొత్త చప్పుడు మొదలైంది. వంగిన రేకు లోపల దేనికో తగిలి టకటకమంటోంది. కొత్తపేట దాకా వచ్చాం. అప్పుడు నాన్న, "అమ్మా, నేనే..." అన్నాడు. ఆవిడ "నువ్వు రోడ్డు చూసి నడుపు," అన్నారు. ఆ రాత్రి నా డైరీలో 'కారు పోలేదు' అని రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు. నేను మొక్కుకున్నది అదే.

దసరా దాటాక ప్రసన్నకుమార్ వచ్చాడు. చెప్పులు విప్పకుండానే పోర్టికోలో నిలబడి బానెట్ చూశాడు.

"చూశావా? నేను చెప్పలా? ఇవాళ కారు ఎక్కారు. రేపు ఇంట్లోకి ఎక్కుతారు."

"అది కాదురా. వాళ్ళు నన్ను బతుకమ్మ ఆడించార్రా," అన్నారు ఆవిడ. "అండాలు బొంత వేసింది, గీతలు పడకూడదని. ఆయన తనకే అనుకున్నాడు. అంతేరా."

"అమ్మా, నువ్వు భయపడి ఆడావు."

"భయపడలేదు."

"నీకు తెలియట్లేదు," అన్నాడు. మాట కటువుగా లేదు. తల్లి చెయ్యి పట్టుకునే అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి.

నాన్న కరివేపాకు చెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన నాన్నతో, "మిమ్మల్ని అనట్లేదు సాయిలు గారూ," అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ గారూ అనలేదు. ఆ మాటతో నాన్న ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

ఇంటి బేరం అయిపోయింది. కొన్నవాళ్ళు పడగొట్టి అమ్మాయిల హాస్టల్ కడతారట. కారు గురించి ఎవరూ ఏమీ అనలేదు. దీపావళికి ముందే విజయవాడ ప్రయాణం. అమ్మ వంటింటి గిన్నెలు తోముతూ, అట్టపెట్టెల్లో సర్దుతూ, "ఊరి నుంచి పొద్దుగాల బస్సుంటది గద బిడ్డా, వచ్చి పోదువు," అంది. ఆ బస్సు సమ్మెకు ముందు కూడా సరిగ్గా వచ్చేది కాదని మా ఇద్దరికీ తెలుసు.

బతుకమ్మ రోజు గేటు బయటే ఇంజిన్ ఆపి లోపలికి నెట్టిన కారును నాన్న మళ్ళీ స్టార్ట్ చేయలేదు. చివరి ఆదివారం పొద్దున స్నానం చేసి వచ్చాడు. కార్లో కూర్చునే ముందు మమ్మల్నిద్దర్నీ పిలిచాడు.

"సారుకు ఇంకా సంగతి తెల్వదు. అమ్మగారు చెప్పలేదు. మీరిద్దరు అటొకలు ఇటొకలు నిలబడి గీడ ఒత్తి పట్టుండ్రి. చప్పుడు రావద్దు."

అమ్మ కొంగు మడిచి అరచేతుల కింద పెట్టుకుంది. నేను లంగావోణీ కొంగు మడిచి గుంట అంచున రెండు చేతులూ ఆనించాను. పంపు టిక్ టిక్ మంది. ఆగింది. నాన్న చోక్ లాగాడు. కారు గొంతు సవరించుకుని మోగింది, పాత ఆదివారాల్లాగే. రేకు మా చేతుల కింద వణుకుతోంది గాని చప్పుడు లేదు. నాన్న అద్దంలోంచి నన్ను చూసి తలూపాడు.

ఇంజిన్ వేడెక్కే కొద్దీ లోపల ఎక్కడో ఇరుక్కున్న గునుగు పూలు కాలుతున్న వాసన వచ్చింది. అమ్మ నావైపు చూసింది. వేడి కొంగులోంచి అరచేతుల్లోకి దిగుతోంది. లోపలి నుంచి ఆయన ముద్దగా ఏదో అన్నారు. ఆవిడ జవాబు చెప్పారు. మళ్ళీ ఆయన ఏదో అన్నారు, ఈసారి పొడుగ్గా. చేతులు మండుతున్నాయి. అమ్మ పెదవి కొరుక్కుంటోంది. మేం ఒత్తి పట్టుకునే ఉన్నాం.

కిటికీ రెక్క తెరుచుకుంది. శేషారత్నమ్మ గారు కనిపించలేదు, గొంతు మాత్రం వినిపించింది.

"అండాలూ, చేతులు తీసెయ్యమంటున్నారే. కాలతాయట."

అమ్మ నాన్నను చూసింది. నాన్న స్టీరింగ్‌ను చూస్తున్నాడు. మేం చేతులు తీశాం. కారు టకటకమంటూనే ఉంది. నాన్న ఆపలేదు. ఆవిడ కూడా చాలనలేదు.